మూతపడ్డ స్పాకి మనుషులు మళ్ళీ నమ్మకంగా వచ్చేదాకా: నా అనుభవం

చిన్న గది, మూసిన తలుపు, గంటసేపు ఇద్దరు మనుషులు, మధ్యలో జానెడు దూరం కూడా ఉండదు. కరోనా రోజుల్లో ఏవేవి చేయొద్దన్నారో అవన్నీ కలిపితే మా మసాజ్ పని అవుతుంది. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించాక మా స్పా కూడా మూతపడింది. మళ్ళీ తెరుచుకోవచ్చని అనుమతి వచ్చినప్పుడు తెలిసినవాళ్ళంతా అడిగింది ఒకటే, "జనం వస్తారా?" అని. నాకు అంతకన్నా పెద్ద సందేహం ఇంకోటి ఉండేది. వచ్చినవాళ్ళు టేబుల్ మీద పడుకుని ఒళ్ళు వదిలేయగలరా? భయంతో బిగుసుకున్న భుజాన్ని ఎంత పిసికినా అది లొంగదు. గంటసేపు ఊపిరి బిగబట్టి పడుకుని వెళ్ళిపోయినవాళ్ళు రెండోసారి రారు.

అందుకే తలుపులు తెరవకముందే పాత కస్టమర్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాం. ఆఫర్లు చెప్పడానికి చేయలేదు. "మీరు రావాలంటే ఇక్కడ ఏం ఉండాలి?" అని అడిగాం, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాం. శానిటైజర్ పెట్టారా, టవల్స్ ఉతుకుతున్నారా అని అడుగుతారనుకున్నాం. కొంతమంది అడిగారు కూడా. ఎక్కువమంది మనసులో ఉన్నవి మాత్రం వేరు. నాకంటే ముందు ఆ గదిలో ఎవరుంటారు, వాళ్ళు వెళ్ళాక ఎంతసేపు ఖాళీగా ఉంచుతారు? నాకు మసాజ్ చేసే అమ్మాయికి జలుబు చేస్తే ఇంట్లో ఉంటుందా, జీతం పోతుందని పనికి వచ్చేస్తుందా? పొద్దున్నే గొంతు గరగరలాడితే అపాయింట్‌మెంట్ మానేయొచ్చా, డబ్బులు పోతాయా? మధ్యలో ఇబ్బందిగా అనిపిస్తే లేచి వెళ్ళిపోతే ఏమైనా అనుకుంటారా?

ఈ చివరి ప్రశ్న నన్ను చాలా ఆలోచింపజేసింది. టేబుల్ మీద బోర్లా పడుకున్న మనిషి చేతిలో ఏమీ ఉండదు. ఒంటిమీద బట్టలుండవు, ఎదుటివాళ్ళ ముఖం కనబడదు, గదిలో ఏం జరుగుతోందో తెలియదు. మామూలు రోజుల్లో విశ్రాంతి అంటే అదే, అన్నీ వేరేవాళ్ళకి వదిలేయడం. రోగం భయం ఉన్న రోజుల్లో అదే అన్నిటికన్నా కష్టమైన పని. కాబట్టి మేం చేసే ప్రతి మార్పుతోనూ కస్టమర్ చేతికి ఏదో ఒకటి తిరిగి రావాలి: తెలుసుకునే హక్కో, ఎంచుకునే వీలో, మానుకునే స్వేచ్ఛో. ఆ తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ ఈ ఒక్క ఆలోచన మీదే నడిచాయి.

ముందు డబ్బు సంగతి తేల్చేశాం. ఒంట్లో బాగాలేదని ఆఖరి నిమిషంలో ఫోన్ చేసినా ఒక్క రూపాయి పట్టుకోం అని రాసిపెట్టాం. దగ్గు వస్తున్నా డబ్బు పోతుందని వచ్చేసే పరిస్థితి మనమే కల్పించి, వచ్చాక గుమ్మం దగ్గర ప్రశ్నలడిగితే నిజం చెప్పమంటే ఎవరు చెబుతారు? థెరపిస్టులకూ అదే లెక్క. జ్వరమొచ్చినా, ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ వచ్చినా జీతంతో సెలవు. మా ఖర్చుల్లో ఇదే అన్నిటికన్నా భారమైంది. కొత్త మిషన్లు కొనడం కన్నా ఇదే ఎక్కువ పనిచేసిందని ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. ఫోన్లో ఈ మాట చెప్పగానే అవతలి గొంతు మారడం నేను చాలాసార్లు విన్నాను.

ఇక గాలి సంగతి. మొదట్లో అందరిలాగే మా దృష్టి కూడా తుడవడం మీదే ఉండేది. వైరస్ ముఖ్యంగా గాలి ద్వారా, ఊపిరితో వచ్చే సన్నటి తుంపరల ద్వారా వ్యాపిస్తుందని తేలేకొద్దీ ఖర్చునీ శ్రమనీ అటు మళ్ళించాం. 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ కూడా వైరస్ ఉన్న వస్తువును ముట్టుకుంటే సోకే అవకాశం మామూలుగా పదివేలలో ఒకటి కన్నా తక్కువని చెప్పింది. మా గదులు మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, ఎత్తు మూడుకి కాస్త తక్కువ. అంటే లోపల దాదాపు 24 ఘనపు మీటర్ల గాలి. గంటకు 150 ఘనపు మీటర్ల గాలిని వడగట్టే హెపా ప్యూరిఫయర్ పెడితే, గదిలో గాలి మొత్తం గంటకు ఆరుసార్లు ఫిల్టర్లోంచి వెళ్ళినంత ఫలితం ఉంటుంది. ఆసుపత్రుల కోసం సీడీసీ ఇచ్చిన పట్టిక ప్రకారం గంటకు ఆరుసార్లు గాలి మారితే, మనిషి వెళ్ళిపోయాక గాలిలో మిగిలిన కణాల్లో 99 శాతం పోవడానికి 46 నిమిషాలు పడుతుంది. పన్నెండుసార్లయితే 23 నిమిషాలు. ఈ లెక్క చూసుకునే అపాయింట్‌మెంట్‌కీ అపాయింట్‌మెంట్‌కీ మధ్య గది ఖాళీగా ఉంచే సమయం నిర్ణయించాం. రోజుకు తీసుకునే బుకింగ్‌లు బాగా తగ్గిపోయాయి. తప్పలేదు.

గదిలో కార్బన్ డయాక్సైడ్ మీటర్ కూడా పెట్టాం. బయటి గాలిలో అది పదిలక్షల భాగాలకి 420 దగ్గర చూపిస్తుంది. కిటికీ మూసి ఇద్దరం కూర్చుని చూస్తే గంట తిరక్కుండానే వెయ్యి దాటింది. అంటే ఒకరు వదిలిన గాలినే ఇంకొకరు పీలుస్తున్నారన్నమాట. కిటికీ కొద్దిగా తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే 800 లోపు నిలబడింది. ఆ మీటర్ని కస్టమర్‌కి కనబడేచోట, బట్టలు పెట్టుకునే స్టూల్ పక్కన ఉంచాం. ఒక విషయం మాత్రం అందరికీ విడమర్చి చెప్పేవాళ్ళం: ఈ మీటర్ బయటి గాలి ఎంత వస్తోందో చెబుతుంది, ప్యూరిఫయర్ ఎంత వడగట్టిందో చెప్పదు. రెండూ వేరు. అది చెబితే కస్టమర్లు గందరగోళపడతారేమోనని మా రిసెప్షన్ అమ్మాయి భయపడింది. వాళ్ళు తలూపి, ఇంకో రెండు ప్రశ్నలడిగి, నిశ్చింతగా లోపలికి వెళ్ళారు. ఉన్నదున్నట్టు చెబితే జనం అర్థం చేసుకుంటారు.

కిటికీ తెరిస్తే చలి, బయటి చప్పుడు రెండూ వస్తాయి. చలికి టేబుల్ మీద వేడి దుప్పటి వేశాం. చప్పుడుకి మా దగ్గర మందు లేదు. "గాలి కోసం కిటికీ తెరిచే ఉంచుతున్నాం, బండ్ల హారన్లు వినబడతాయి" అని ముందే చెప్పేవాళ్ళం.

ముఖం దగ్గరికొచ్చేసరికి అసలు చిక్కు మొదలైంది. బోర్లా పడుకుని, తల పెట్టుకునే ఆ గుండ్రటి దిండులో ముఖం ఆనించి మాస్కుతో అరగంట ఉండి చూడండి. మాస్కు ఊపిరికి తడుస్తుంది, ముక్కుకి అతుక్కుంటుంది, చెవుల వెనక తాడు కోస్తుంది. ఇతరులకు చెప్పేముందు మేమంతా ఒకరి తర్వాత ఒకరం పడుకుని చూశాం. ఆ దిండు చుట్టూ పల్చటి నూలు గలీబు కిందికి ఉయ్యాలలా వేలాడేట్టు కట్టి, మాస్కు లేకుండా పడుకుంటే ఊపిరి సాఫీగా ఆడింది. ఊపిరి గాలి కూడా సూటిగా ఎదురుగా రాదు. కానీ గుడ్డ మాస్కుకి సమానం కాదు. అందుకని కేసులు ఎక్కువగా ఉన్న రోజుల్లో బోర్లా పడుకోబెట్టడం మానేసి, పక్కకి తిప్పి పడుకోబెట్టి మాస్కుతోనే వీపు మసాజ్ చేశాం. గర్భిణులకి అలాగే చేస్తాం కాబట్టి మా థెరపిస్టులకి ఆ పద్ధతి కొత్తేం కాదు. కొందరికి ఇదే నచ్చి ఇప్పటికీ అలాగే చేయించుకుంటున్నారు. ఫేషియల్స్ మాత్రం చాలాకాలం మొదలుపెట్టలేదు. మాస్కు తీయకుండా ఫేషియల్ చేయలేం. మొదలుపెట్టాక థెరపిస్ట్‌కి ఎన్95 మాస్కు, పైన ఫేస్ షీల్డ్, తక్కువ సమయం, ఆ సమయంలో మాటలు వద్దని ముందే ఒప్పందం.

మాస్కులు నిజంగా పనిచేస్తాయా అని అడిగేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉండేది. 2020 మే నెలలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక సెలూన్‌లో ఇద్దరు హెయిర్ స్టైలిస్టులు కరోనా లక్షణాలు ఉండగానే 139 మందికి పనిచేశారు. స్టైలిస్టులు మాస్కులు పెట్టుకున్నారు, కస్టమర్లలో దాదాపు అందరూ పెట్టుకున్నారు. ఆ 139 మందిలో ఎవరికీ లక్షణాలు రాలేదు, పరీక్షకి ముందుకొచ్చిన 67 మందికీ నెగెటివే. జూలైలో సీడీసీ తన పత్రికలో దీన్ని ప్రచురించింది. ఇది చెప్పాక వెంటనే ఇంకో మాట కూడా చెప్పేదాన్ని: జుట్టు కత్తిరించడం తొందరగా అయిపోతుంది, మనది గంట పని, కాబట్టి దాన్ని చూసి ధైర్యపడి కిటికీ మూసేయకూడదు.

ఆ నివేదికలో నాకు ఎక్కువ పనికొచ్చింది మరో వివరం. ఆ ఇద్దరు స్టైలిస్టులు కస్టమర్లు లేని సమయంలో మాస్కులు తీసేసి మాట్లాడుకునేవాళ్ళు. కస్టమర్ల దగ్గర అంత జాగ్రత్తగా ఉన్నవాళ్ళకి విరామంలో ఆ జాగ్రత్త లేదు. అది చదివిన సాయంత్రమే మా స్టాఫ్ గది గురించి మాట్లాడుకున్నాం. అది మా స్పాలో అన్నిటికన్నా చిన్న గది, కిటికీ లేనిది, అందరూ కలిసి భోజనం చేసేది. అందరికీ వేరు వేరు సమయాలు పెట్టి, భోజనాలు బయట వరండాలోకి మార్చేశాం. థెరపిస్టులకి ఇది బాధనిపించింది. రోజంతా చాకిరీ చేసేవాళ్ళకి కలిసి తినే ఆ కాసేపే ఊరట. ఇది ఎందుకో విడమర్చి చెప్పి, వాళ్ళే సమయాలు నిర్ణయించుకునేలా చేశాం.

థెరపిస్టుల భయం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కస్టమర్‌కి గంట ప్రమాదమైతే వాళ్ళకి రోజుకి నాలుగైదు గంటలు. మా సీనియర్ థెరపిస్ట్ తలుపు తెరవబోయే ముందు నన్ను పక్కకి పిలిచి, "మేడమ్, మా అమ్మకి షుగర్ ఉంది. నేను చేయగలనో లేదో చెప్పలేను" అంది. తనకి మొదట్లో ఫోన్లు, బుకింగ్‌ల పని ఇచ్చాం. టీకా రెండు డోసులూ అయ్యాక తనంతట తనే మళ్ళీ గదిలోకి వచ్చింది. భయపడుతున్న చేతులు ఎదుటివాళ్ళ ఒంటికి తెలిసిపోతాయి. కస్టమర్‌కి ధైర్యం కలగాలంటే ముందు ఆ చేతులకి కలగాలి. ఎవరైనా మాస్కు పెట్టుకోనని మొండికేస్తే మసాజ్ చేయనని చెప్పే అధికారం థెరపిస్టుకే ఇచ్చాం. నన్ను అడగక్కర్లేదు.

శుభ్రత పక్కకి పోయిందనుకోకండి. మా పనిలో నూనె ఉంటుంది కాబట్టి దానికి వేరే పద్ధతి కావాలి. టేబుల్ మీద నూనె జిడ్డు ఉండగానే క్రిమినాశిని కొడితే అది జిడ్డు మీదే ఆగిపోతుంది. ముందు సబ్బునీళ్ళతో జిడ్డు వదిలించాలి, ఆ తర్వాతే మందు. స్ప్రే కొట్టిన మరుక్షణం తుడిచేస్తే లాభం లేదు, సీసా మీద రాసినంతసేపు ఆ చోటు తడిగా ఉండాలి. చివర్లో మంచినీళ్ళ గుడ్డతో తుడవకపోతే బ్లీచింగ్‌కి రెక్సిన్ పగుళ్ళొస్తుంది. వాడిన దుప్పట్లు దులపకుండా మడిచి మూత ఉన్న బుట్టలో వేసి, 60 డిగ్రీలకి పైగా వేడినీళ్ళలో ఉతికేవాళ్ళం. నూనె గిన్నెలు తీసేసి పంపు సీసాలు పెట్టాం.

ఇదంతా కస్టమర్ కళ్ళెదుట చేయాలా వద్దా అని మాలో మాకు చాలా వాదనే జరిగింది. చివరికి ఒక చిన్న పనికి ఒప్పుకున్నాం: కస్టమర్ గదిలోకి వచ్చాక, వాళ్ళు చూస్తుండగా, థెరపిస్ట్ మూలనున్న సింకు దగ్గర మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. మాటల్లేకుండా, తొందర లేకుండా, ఇరవై సెకన్లకి తక్కువ కాకుండా. ఆ కాసేపట్లో కస్టమర్ గదిని చూసుకుంటారు, కిటికీ చూస్తారు, మీటర్ చూస్తారు, నెమ్మదిగా చెప్పులు విడుస్తారు.

చూపించడానికి మాత్రమే పనికొచ్చేవి పెట్టలేదు. గుమ్మం దగ్గర మనుషుల మీద మందు చల్లే సొరంగాలు అమ్మడానికి మా దగ్గరికీ వచ్చారు. మనుషుల మీద క్రిమినాశిని చల్లొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే స్పష్టంగా చెప్పింది. నుదుటికి పెట్టే థర్మామీటర్ కొన్నాళ్ళు వాడి పక్కన పెట్టేశాం. లక్షణాలు మొదలవకముందు కూడా రోగం అంటుకుంటుంది, జ్వరం మాత్ర వేసుకుని వస్తే అది పట్టుకోదు. దాని బదులు ముందురోజు ఫోన్ చేసి మాట్లాడటం మేలు.

ఆ ఫోన్ కాల్లో అడిగే ప్రశ్నలు జ్వరం, దగ్గుతో ఆగవు. కరోనా వచ్చి తగ్గినవాళ్ళని ఇంకా అడగాలి. ఈ జబ్బు రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతుంది. పిక్కలో గడ్డ ఉండగా గట్టిగా ఒత్తితే అది కదిలి ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. ఒక కాలు మాత్రమే వాచిందా, నొప్పి ఉందా, ఎర్రబడిందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని అడిగి, అనుమానం ఉంటే డాక్టర్‌ని కలిసి రమ్మనేవాళ్ళం. అలా వెనక్కి పంపితే కోపగించుకున్నవాళ్ళు నాకు గుర్తులేరు. నా గురించి ఇంత ఆలోచిస్తున్నారా అన్నట్టు మాట్లాడినవాళ్ళే ఎక్కువ.

వాసన సంగతి మేం ఊహించనిది. మా గదుల్లో లావెండర్ వాసన వస్తుందని ఇష్టపడి వచ్చేవాళ్ళు ఉండేవారు. వాళ్ళలో ఒకావిడ కరోనా తగ్గిన తర్వాత వచ్చి, నూనె సీసా ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏమ్మా, ఇందులో ఏమైనా కలిపారా?" అని అడిగారు. వాసన పోయిందేమో అనుకున్నా. పోవడం కాదు, ఆవిడకి అన్ని సువాసనలూ ఏదో కాలినట్టు, కుళ్ళినట్టు తగులుతున్నాయి. కరోనా తర్వాత ఇలా కొందరికి జరుగుతుందని అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి గదిలో ముందుగా ఏ సువాసనా వేయడం లేదు. వాసన లేని నూనె ఎప్పుడూ ఉంటుంది, కావాలన్నవాళ్ళకే సువాసన కలుపుతాం. మందు వాసన కూడా మిగలకుండా గది ఖాళీగా ఉన్నప్పుడే తుడిచి గాలి ఆడనిచ్చేవాళ్ళం. ఆసుపత్రిలో నెలల తరబడి తమవాళ్ళ కోసం తిరిగినవాళ్ళకి ఆ వాసన ఎలా ఉంటుందో ఆలోచించండి.

మొదటిసారి తిరిగి వచ్చినవాళ్ళకి పూర్తి గంట వద్దనుకున్నాం. భుజాలు, మెడ, కూర్చున్నచోటే, బట్టలు వేసుకునే, తక్కువ సమయం. లేదంటే పాదాలు మాత్రమే. చాలామందికి ఈ మొదటి మెట్టు కావాల్సివచ్చింది. ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ భుజాల మీద చేతులు వేసి అలా కాసేపు కదపకుండా ఉంచిందట మా థెరపిస్ట్. ఆవిడకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చాలా నెలలుగా డాక్టర్ తప్ప తనని ఎవరూ ముట్టుకోలేదని చెప్పారట. థెరపిస్ట్ చేతులు తీయకుండా, "ఆపమంటారా, ఉంచమంటారా?" అని మాత్రం అడిగింది. ఉంచమన్నారు. మనుషులకి స్పర్శ అక్కర్లేదన్నట్టు బతికిన ఆ రోజుల్లో మా పని ఎంత అవసరమైందో నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఇంత జాగ్రత్త ఎందుకు, ఖర్చు ఎందుకు అని ఎవరైనా అంటే ఆవిడే గుర్తొస్తారు.

ముందురోజు పంపే మెసేజ్‌లో వంద శాతం సురక్షితం అని ఎప్పుడూ రాయలేదు. ఏం చేస్తున్నామో, ఏది మా చేతుల్లో లేదో నాలుగు వాక్యాల్లో రాసి, "ఇంకా సందేహం ఉంటే ఇప్పుడే రానక్కర్లేదు, మీ స్లాట్ తర్వాతైనా ఇస్తాం" అని ముగించేవాళ్ళం. వ్యాపారం చేసేవాళ్ళు ఇలా రాస్తారా అని ఒకరిద్దరు మందలించారు. ఆ మాట చదివి వాయిదా వేసుకున్నవాళ్ళలో చాలామంది కొన్ని నెలలకి వచ్చారు, వస్తూ వాళ్ళ అక్కచెల్లెళ్ళని కూడా తెచ్చారు. అసలు రానివాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి ఫోన్లు చేసి విసిగించలేదు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించాక మాస్కు కస్టమర్ ఇష్టానికే వదిలేశాం. బుకింగ్ ఫారంలో ఇప్పుడు కొన్ని గడులున్నాయి: థెరపిస్ట్ మాస్కు పెట్టుకోవాలా, కిటికీ తెరవాలా, సువాసన కావాలా, బోర్లానా పక్కకా, మాటలు కావాలా వద్దా. కీమోథెరపీలో ఉన్నవాళ్ళు, ఇంట్లో పసిపిల్లలున్నవాళ్ళు మొదటి గడిలో టిక్ పెడతారు. మా వాళ్ళు కారణం అడగరు, పెట్టుకుంటారు. ప్యూరిఫయర్లు నడుస్తూనే ఉన్నాయి. జీతంతో సెలవు అలాగే ఉంది. స్టీమ్ రూమ్ అన్నిటికన్నా ఆఖర్న తెరిచాం, ఇప్పటికీ ఒకసారికి ఒకరినే పంపుతాం.